కరువు సీమలో కూరగాయల మడి

“మన సీమలో పెరటి కూరగాయలా? తాగే నీళ్ళకే గతి లేదే!” అని నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బోరులో నీళ్ళు తగ్గితే రైతు ముందు పైరును చూస్తాడు, తర్వాత పశువులను చూస్తాడు. అందరికంటే ముందు ఎండేది ఇంటి వెనకాల వంగ మడే. ఆ పొద్దు నుండి కూరగాయలు పండించే చేతులే సంతలో కొనుక్కోవాలి. చేతిలో డబ్బులేని వారం ఒట్టి కారంతో సంగటి తినాలి. కాబట్టి నీళ్ళు తక్కువైన చోట పెరడు నిలుస్తుందా అన్నది మన ఇళ్ళలో అన్నం పళ్ళెం ప్రశ్న.

2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నిజానికి ఎడారి కాదు. ఏటా 250 మిల్లీమీటర్లకు లోపు వాన పడే చోటును ఎడారి అంటారు. మనకు సుమారు 550 పడుతుంది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసేసి, మన దాకా వచ్చేసరికి ఎక్కువగా గాలే మిగులుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే గదా! పైగా మన ఎర్రనేలలకు తేమను పట్టి ఉంచే శక్తి తక్కువ.

ఇక లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో మడి నుండి రోజుకు ఇంచుమించు 6 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుందాం. సెంటు స్థలం 40 చదరపు మీటర్లు కాబట్టి రోజుకు 240 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలతో పదహారు బిందెలు! ఏ తల్లి మోయగలదు? అదే పావు సెంటుకయితే నాలుగు బిందెలు చాలు. 20 చదరపు మీటర్ల మిద్దె మీద ఏటా 11,000 లీటర్ల వాన పడుతుంది. తొట్టి కట్టి అందులో సగం పట్టుకున్నా, ఆ పావు సెంటుకు మూడు నెలలు సరిపోతుంది. కనుక మొదటి సూత్రం: మడి చిన్నది చెయ్యాలి.

రెండవది, మడిని ఎత్తుగా కాక జానెడు లోతుగా చెయ్యాలి. అమెరికాలో న్యూ మెక్సికో ప్రాంతపు జూనీ తెగవారు చుట్టూ మట్టి గట్లు వేసిన చిన్న చిన్న గుంతమళ్ళలోనే కూరలు పండించేవారు. చిత్రావతి నీటిని బుక్కపట్నం, ధర్మవరం చెరువుల్లో నిలిపిన మన పెద్దల తెలివీ ఇదే. వాళ్ళు ఊరికి చేసింది మనం మడికి చెయ్యాలి.

మూడవది, నేలను ఎండకు చూపించకూడదు. చెనక్కాయ పొట్టో, వరిగడ్డో, ఎండుటాకులో నాలుగు వేళ్ళ మందాన పరచాలి. గాలి వచ్చే పక్క ఆముదం, కంది వరసగా వేస్తే గాలి వేగం తగ్గుతుంది. బీర పందిరి కింద తోటకూర చల్లగా పెరుగుతుంది.

నాలుగవది కుండ పద్ధతి. పూత పూయని మట్టికుండను మూతి దాకా పాతి, నీళ్ళు నింపి, మూత పెట్టాలి. చుట్టూ మూడు నాలుగు కాకర, బీర విత్తనాలు నాటాలి. మట్టి పొడిగా ఉంటే కుండ నుండి నీటిని లాగుతుంది, తడిసిందంటే లాగడం తగ్గుతుంది. చైనాలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలోనే ఫాన్ షెంగ్‌జి తన వ్యవసాయ గ్రంథంలో దీన్ని వివరించాడు.

ఐదవది, కాలాన్నిబట్టి విత్తడం. గోరుచిక్కుడు, అలసంద, బెండ తొలకరిలో వెయ్యాలి. చిక్కుడు కూడా అప్పుడే వేస్తే, పగటిపొద్దు తగ్గే చలికాలంలో పూతకొస్తుంది. టమోటా నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటడం మేలు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి నిలిస్తే దాని పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. హిందూపురం 600 మీటర్లకు పైన ఉంది, ధర్మవరం దానికంటే దాదాపు 250 మీటర్లు పల్లం. ఆ తేడాకే ఒకటిన్నర డిగ్రీ వేడి ఎక్కువ. అందుకని హిందూపురం చూసి ధర్మవరంలో నాటకూడదు.

నడి ఎండాకాలంలో తోటకూరను నమ్ముకోవచ్చు. అది ‘సి-4’ మొక్క. బొగ్గుపులుసు వాయువును ఆకులో పోగుచేసుకునే ఏర్పాటు ఉండడంవల్ల పత్రరంధ్రాలు కొంచెమే తెరిచినా దానికి ఆహారం తయారవుతుంది. నీటి నష్టం తక్కువ. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు దీనికి పోయవచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూరలకు వద్దు, మునగకు, అరటికి మళ్ళించాలి.

మిత్రులారా! మనం ప్రయోగశాలలో బాష్పోత్సేకం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటున్నాం. ఆ పాఠం అవసరమైంది మన పెరట్లోనే. ఈ తొలకరికి ఒక్కొక్కరం పది చదరపు మీటర్ల మడి చేసి, రోజూ ఎన్ని బిందెలు పోశామో, ఎన్ని కూరలు కోశామో రాసి పెట్టుకుందాం. ఆ లెక్క చూపిస్తే, బోరు తగ్గిన ఏడు కూడా మన ఇళ్ళలో పెరటికి నాలుగు బిందెల నీళ్ళు అడిగే హక్కు మనకుంటుంది.

— బి.యస్సీ., తృతీయ సంవత్సరం