వెండిపనివాని ఇల్లు

రాజులు కట్టించిన కోటలును, ధనికులు కట్టించిన మేడలును పెక్కుచోట్ల నేటికిని నిలిచియున్నవి. చేతిపని చేసి బ్రదికినవారి ఇండ్లు మాత్రము అంతగా నిలువవు. అవి బలహీనములగుటచేతనే కాదు. వానిని నిలుపవలెనని తలచువారు అరుదగుటచేత. అట్లు నిలిచిన కొలది ఇండ్లలో ఒకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బోస్టన్ నగరమున, నార్త్ స్క్వేర్ అను చిన్న చౌకమున కలదు. అది పాల్ రివీర్ అను వెండిపనివాని ఇల్లు. కొయ్యతో కట్టిన ఆ ఇంటి వయస్సు మూడువందల నలుబది యేండ్లకు పైబడినది.

1676లో ఆ ప్రాంతమున గొప్ప అగ్నిప్రమాదము సంభవించి పెక్కు ఇండ్లు కాలిపోయెను. అందు ఇంక్రీస్ మాథర్ అను మతాచార్యుని నివాసము ఒకటి. ఆ స్థలముననే సుమారు 1680లో ఈ ఇంటిని నిర్మించిరి. దీని తొలి యజమాని రాబర్ట్ హోవర్డ్ అను సంపన్నుడైన వర్తకుడు. అనగా ఇది మొదట పనివానికొరకు కట్టిన ఇల్లు కాదు. తొంబది యేండ్లు గడచిన పిమ్మట, వర్తకుల చేతినుండి అది పనివాని చేతికి వచ్చినది.

ఆ కాలపు వడ్రంగుల నేర్పు ఈ ఇంట స్పష్టముగా కానవచ్చును. లావైన కొయ్యస్తంభములను నిలిపి, వానిపై బలమైన దూలములను అమర్చిరి. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి, మరియొక కొయ్యకు తొలిచిన రంధ్రమున చొప్పించి, కొయ్యచీలతో బిగించిరి. ఇంటి బరువంతయు ఈ చట్రమే మోయును. గోడలు ఆచ్ఛాదనము మాత్రమే. ముందుభాగమున మేడ క్రింది గోడకంటె కొంచెము ముందుకు, వీథివైపునకు చొచ్చుకొని యుండును. చిన్న చిన్న గాజుపలకలను ఏటవాలు గళ్లుగా సీసపు బద్దెలతో కూర్చి కిటికీలను చేసిరి. చలి మిక్కుటమైన దేశమగుటచే, వంటకును వెచ్చదనమునకును పెద్ద పొయ్యిలను గోడలలోనే కట్టి, పొగగూడు నిర్మించిరి.

పాల్ రివీర్ ఈ ఇంటిని 1770లో కొనెను. ఆతని తండ్రి ఫ్రాన్సుదేశమున పుట్టి, పదుమూడేండ్ల ప్రాయమున బోస్టనునకు వచ్చి, ఒక వెండిపనివానివద్ద శిష్యుడుగా చేరినవాడు. రివీర్ ఆ విద్యను తండ్రివద్దనే నేర్చెను. పంతొమ్మిదవయేట తండ్రి మరణింపగా కుటుంబభారము ఆతనిపై పడెను. ఆతడు గరిటెలు, కూజాలు, గిన్నెలు చేసెను. రాగిరేకులపై చిత్రములు చెక్కెను. కొంతకాలము దంతవైద్యము కూడ చేసెను. 1768లో ఆతడు చేసిన ఒక వెండిగిన్నె నేటికిని బోస్టన్ కళాప్రదర్శనశాలలో కలదు. ఆంగ్లప్రభుత్వపు ఆజ్ఞకు తలయొగ్గని తొంబదియిద్దరు శాసనసభ్యుల గౌరవార్థము దానిని చేయించిరి. అదే కాలమున కాప్లీ అను ప్రసిద్ధ చిత్రకారుడు రివీర్ చిత్రమును వ్రాసెను. అందు రివీర్ ధనికులవలె అలంకరించుకొని కూర్చుండలేదు; పైకోటు లేక, పనిబల్లముందు, చేత వెండికూజాతో కనబడును. తన పనినిగూర్చి ఆతడు సిగ్గుపడలేదు.

ఆతని కర్మశాల ఇంట లేదు. సమీపమున, రేవువద్ద నుండెను. ఇల్లు కుటుంబమునకే చాలీచాలనిది. ఇందు చేరునాటికి భార్య, తల్లి, ఐదుగురు బిడ్డలు ఆతనితో నుండిరి. ఇద్దరు భార్యలవలన ఆతనికి మొత్తము పదునారుగురు సంతానము; వారిలో పదునొకండుగురు పెద్దవారైరి.

1775 ఏప్రిల్ 18వ తేది రాత్రి, ఆంగ్లసేనలు దేశీయనాయకులను పట్టుకొనుటకును, ఆయుధములను స్వాధీనపరచుకొనుటకును బయలుదేరనున్నవని వార్త వచ్చెను. రివీర్ ఈ ఇంటికి వచ్చి, బూట్లును పైకోటును తొడిగికొని వెడలెను. మిత్రులిద్దరు పడవపై ఆతనిని నది దాటించిరి. ఆవలి ఒడ్డున గుఱ్ఱమెక్కి, దారిలోని ఇండ్లవారిని మేల్కొలుపుచు, అర్ధరాత్రివేళకు లెక్సింగ్టన్ గ్రామము చేరి నాయకులను హెచ్చరించెను. మఱునాటి ఉదయమున అచ్చట తుపాకులు ప్రేలెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము ఆరంభమయ్యెను.

యుద్ధము ముగిసిన పిదప రివీర్ ఇనుము, కంచు పోతపోయుటకు పూనుకొని, 1792లో తన మొదటి గంటను పోతపోసెను. 1801లో రాగిని రేకులుగా సాగదీయు కార్ఖానాను స్థాపించెను. అప్పటికి ఆతని వయస్సు అరువదియారేండ్లు! పనివాని జీవితము ఒక్కరాత్రి సాహసమున ముగియదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. ఆతడు 1818లో మరణించెను.

రివీర్ 1800లో ఈ ఇంటిని అమ్మివేసెను. పిమ్మట అది నావికుల బసగాను, దూరదేశములనుండి వచ్చిన పేదల అద్దెయిల్లుగాను మారెను. క్రింది గదులలో మిఠాయి దుకాణము, చుట్టల కర్మాగారము, పండ్లు కూరగాయల అంగడి వెలసెను. లాంగ్‌ఫెలో అను కవి ఆ రాత్రి ప్రయాణముపై 1860లో పద్యము వ్రాయగా రివీర్ పేరు దేశమంతట మారుమ్రోగెను. ఇల్లు మాత్రము శిథిలమగుచునే యుండెను. 1902లో దానిని పడగొట్టు ప్రమాదము రాగా, రివీర్ మునిమనుమడొకడు దానిని కొని కాపాడెను. కొలది యేండ్లకు ఒక స్మారకసంఘము ఏర్పడి, ఇంటిని బాగుచేయించి, 1908లో ప్రజలకు తెఱచెను.

బాగుచేయునపుడు ఒక చిక్కు వచ్చినది. మొదట రెండంతస్తులుగా నున్న ఇంటికి, పదునెనిమిదవ శతాబ్దమున ముందువైపు కప్పును పైకెత్తి మూడవ అంతస్తును చేర్చియుండిరి. రివీర్ కుటుంబము బహుశః ఆ మూడంతస్తుల ఇంటనే కాపురముండెను. జోసెఫ్ చాండ్లర్ అను వాస్తుశిల్పి ఇంటిని 1680నాటి రూపమునకు తెచ్చుటకై ఆ పై అంతస్తును తొలగించెను. వెండిపనివాని పేర నిలిపిన ఇల్లు చివరకు ఆతనికి ముందున్న వర్తకుని ఇంటివలె నిలిచినది! ఇది సరియా, కాదా? పురాతనరూపము తెలిసినదని కొందఱు సంతోషింతురు. రివీర్ బిడ్డలు ఆడుకొనిన గదులు పోయినవని మఱికొందఱు విచారింతురు. ఇరువురి మాటలోను న్యాయము కలదు. అయినను కట్టడములో నూటికి తొంబదిపాళ్లు పాతదే యని ఆ ఇంటి సంరక్షకులు చెప్పుదురు. ఆ మునిమనుమడు కొననిచో, ఈ చర్చకైనను తావు మిగిలెడిది కాదు.

పాత ఇల్లు ఒక గ్రంథము వంటిది. ఒక్కొక్క తరమువారు అందు ఒక్కొక్క పుట వ్రాయుదురు. కొందఱు వెనుకటి పుటలను చెరపివేయుదురు. మీరు పాత ఇంటిని చూచినపుడు, ఇది ఎవరిదని మాత్రమే అడిగి ఊరకుండకుడు. దీని దూలమును చెక్కినవా రెవరు? ఏ గది ఎప్పుడు కట్టబడినది? ఏది పోయినది? దీనిని కాపాడిన దెవరు? అని కూడ అడుగుడు. అప్పుడు కొయ్యయు, రాయియు మీకు చరిత్రను చెప్పును.