ఏడు ఎత్తుల ఆట

ఏలూరు

మేనల్లుడా,

నువ్వు పంపిన ఆట చూశాను. హాస్టల్లో అర్ధరాత్రి దాకా చదరంగమేంటని మీ అమ్మ కోప్పడుతోంది గానీ నాకు ఆ బెంగ లేదు. ఏడు ఎత్తుల్లో ఓడిపోయి, ఆ నిమిషంలోనే ఇంకో ఆటకి దిగావు. ఆ రెండో పనే నాకు నచ్చలేదు.

చెక్క బోర్డు మీద పావులు పేర్చుకుని నీ ఆట మొత్తం ఆడి చూశాను. అవతలివాడు మూడో ఎత్తులో గుర్రాన్ని డి4కి తెచ్చి, ఇ5లో బంటుని గాలికొదిలేశాడు. నువ్వు గుర్రంతో ఆ బంటుని కొట్టేశావు. వాడి మంత్రి జి5కి వచ్చింది. అప్పుడు నీకు ఎఫ్7 గడి కనబడింది. గుర్రం అక్కడ వాలితే అటు మంత్రి, ఇటు మూలనున్న ఏనుగు, రెండూ దెబ్బలో ఉంటాయి. ఆశ పుట్టే ఎత్తే. కొట్టావు. వాడి మంత్రి జి2 బంటుని తీసుకుంది, నీ ఏనుగు ఎఫ్1కి జరిగింది, మంత్రి ఇ4 బంటుని కూడా తిని చెక్ చెప్పింది. బిషప్‌ని ఇ2లో అడ్డం పెట్టావు. వాడి గుర్రం ఎఫ్3లోకి గెంతింది, ఆటకట్టు. నీ బిషప్ ఆ గుర్రాన్ని కొట్టడానికి లేదు, కదిలితే రాజుకి చెక్. రాజు పక్కకి తప్పుకుందామన్నా చుట్టూ ఉన్నవన్నీ నీ పావులే.

ఇది పాత ఉచ్చు. ఇంగ్లండు ఆటగాడు జోసెఫ్ బ్లాక్‌బర్న్ (1841–1924) పేరు మీద చలామణీలో ఉంది. షిల్లింగు పందెం కట్టి కొత్తవాళ్లని దీంతో ఓడించేవాడని చెప్పుకుంటారు. ఇందులో పడినందుకు సిగ్గుపడకు.

నన్ను బాధపెట్టింది ఎత్తుల పక్కనున్న టైము. ఎఫ్7 మీద గుర్రాన్ని పెట్టడానికి నీకు మూడు సెకన్లు పట్టింది. నీ గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాల పైనే ఉంది.

స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజిన్ పెట్టుకుంటే ఎత్తు తప్పని క్షణంలో చెప్పేస్తుంది. ఆ ఎత్తు వేసేటప్పుడు నువ్వేమనుకున్నావో మాత్రం దానికి తెలీదు. అది నీ ఒక్కడికే తెలుసు, అదీ ఆ కాసేపే. మర్నాటికి ‘నేను చూశాను గానీ...’ అని మనసు కథ మార్చేస్తుంది. అందుకే ఇంజిన్ పెట్టకముందే, ప్రతి ఎత్తు పక్కనా అప్పుడు నీ తలలో ఉన్న మాట రాసుకో. ‘బంటు ఊరికే వస్తోంది’ అనుకున్నావా? అలాగే రాయి. 1948లో ప్రపంచ చాంపియన్ అయిన బొత్విన్నిక్ తన ఆటల్ని తానే నిర్దయగా విప్పి చూసుకునేవాడు. ఆయన ఇంజనీరు కూడా.

మీ నాన్ననే చూడు. కొల్లేటి చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ఏరేటర్లు వేయించి ఊరుకోడు. నిన్న మేత ఎంత పడింది, పగలు మబ్బు పట్టిందా, అని వెనక్కి వెళ్లి అడుగుతాడు.

కొల్లేటికి అవతల గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 15 ఏళ్లకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల రాపిడ్ పోటీలో ఆమె మొదటి ఆటే ఓడిపోయింది. చివరికి 11 ఆటల్లో 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది, 2019 తర్వాత రెండోసారి. అలాంటి పోటీల్లో ఓడిన ఆటకీ తర్వాతి ఆటకీ మధ్య కొంచెమైనా ఖాళీ ఉంటుంది. కుర్చీలోంచి లేవాలి, నడవాలి, మళ్లీ కొత్త బల్ల దగ్గర కూర్చోవాలి. నీ ఫోన్లో ఆ ఖాళీ లేదు. ఓడీ ఓడగానే రీమ్యాచ్ బటన్ వేలి కిందే ఉంటుంది. ఆ ఖాళీ నువ్వే కల్పించుకోవాలి నాయనా, ఇంకెవరూ ఇవ్వరు.

ఆదివారం ఏలూరు రా. జి5కి మంత్రి వచ్చాక కూడా నీ ఆట పూర్తిగా పోలేదు. బిషప్‌తో ఎఫ్7 బంటుని కొట్టి చెక్ చెప్పి, తర్వాత క్యాస్లింగ్ చేసుంటే, ఒక పావు పోయినా రెండు బంట్లు వచ్చేవి, వాడి రాజుకి దాక్కునే చోటుండేది కాదు. తెల్లపావులతో ఆ చెక్ నేను చెబుతాను. నల్లవైపు నువ్వు కూర్చో. రాజుని ఇ7కి తెస్తావో, డి8కి తెస్తావో తాడేపల్లిగూడెంలో రైలెక్కకముందే తేల్చుకో. ఎందుకో కూడా కాగితం మీద రాసుకురా.

మీ మామయ్య