దాది చేతులలో శిశువు

పఠనభాగము: నిర్గమకాండము 2:1–10, 1 థెస్సలొనీకయులకు 2:7, 8

క్రిస్మస్ దినములలో మన స్త్రీల సమాజమువారు పండ్లు, రొట్టెలు, క్రొత్త గౌనులు తీసికొని అనాథ శిశువుల గృహమును దర్శించుట వాడుక. తలుపు తీయగానే రెండు మూడేండ్ల పసివారు పరుగెత్తి వచ్చి, ఎన్నడును చూడని మన కొంగు పట్టుకొని, ఎత్తుకొమ్మని చేతులు చాపుదురు. ఎంత ప్రేమగల పిల్లలు, వీరికిక్కడ ఏ కొదువయు లేదు అనుకొని మనము సంతోషముతో ఇంటికి వత్తుము. అయితే తల్లియొద్ద పెరుగుచున్న అదే వయస్సు బిడ్డ క్రొత్తవారిని చూచి ఏమి చేయును? తల్లి చాటునకు పోయి, అచ్చటినుండి తొంగి చూచును. ఆ బిడ్డకు దాగుటకు ఒక చాటు కలదు. ఎవరు వచ్చినను పరుగెత్తి వచ్చు బిడ్డకు అందరును ఒక్కటే. ఈ అతి చనువును శిశువుల ఎదుగుదలను పరిశీలించిన పండితులు ప్రేమసమృద్ధికి గాక ప్రేమలేమికి గురుతుగా ఎంచుచున్నారు.

మోషే వృత్తాంతమును ఈ దృష్టితో చదువుడి. ఫరో కుమార్తెకు ధనము కలదు, పనికత్తెలు కలరు, భవనము కలదు. అయినను ఏడ్చుచున్న ఆ శిశువునకు మొదట వెదకబడినది దాది. శిశువు అక్క పిలుచుకొని వచ్చిన స్త్రీ కన్నతల్లియే గాని, రాజకుమార్తె దృష్టికి ఆమె జీతమునకు వచ్చిన హెబ్రీయురాలు మాత్రమే. జీతము పుచ్చుకొని ఆ స్త్రీ ఒక్క శిశువును, ఒక్కతెయే, వాడు ఎదుగువరకు పెంచెను. మన గృహములలో ఆయాలని పిలువబడు స్త్రీలు చేయుచున్నది ఈ పనియే. వారికి ఈ పని చేయుటకు వీలున్నదా అనునదే నేటి ప్రశ్న.

1945లో రెనే స్పిట్జ్ అను వైద్యుడు రెండు సంస్థల శిశువులను పోల్చి చూపెను. ఒకటి స్త్రీల చెరసాలను అంటియున్న శిశుగృహము. అచ్చట శిక్ష ననుభవించుచున్న తల్లులే తమ బిడ్డలను సాకుచుండిరి. రెండవది దిక్కులేని శిశువుల ఆశ్రమము. అచ్చట శుభ్రతకు గాని, ఆహారమునకు గాని, వైద్యుని రాకకు గాని లోపము లేదు. కాని ఎనిమిదిమంది శిశువులకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించినవారికి, ఒక్కతెయే దాది. మంచముల కమ్ములపై దుప్పట్లు వ్రేలాడదీసినందున, పరుండిన శిశువునకు పైకప్పు తప్ప మరేమియు కనబడదు. నూరు సగటుగా గల కొలతలో ఆశ్రమ శిశువుల ఎదుగుదల తొలుత 124 గా నుండి, మొదటి సంవత్సరాంతమునకు 72కు, రెండవ సంవత్సరాంతమునకు 45కు దిగజారెను. అచ్చటి 91 మందిలో రెండేండ్లలో 34 మంది మరణించిరి. చెరసాలలోని బిడ్డలలో స్పిట్జ్ గమనించిన కాలమున ఒక్కరును మరణింపలేదు.

ఆ రెండు గుంపుల బిడ్డలు ఒకే విధమైన కుటుంబములలో పుట్టినవారు కారు గనుక ఈ పోలిక చెల్లదని కొందరు అభ్యంతరము చెప్పిరి. అది న్యాయమైన అభ్యంతరమే. దానికి ప్రత్యుత్తరము చాలకాలమునకు రుమేనియా దేశమునుండి వచ్చెను.

1966లో చౌషెస్కు ప్రభుత్వము జనసంఖ్యను పెంచగోరి అచ్చట గర్భస్రావమును నిషేధించెను. పోషింపలేని తలిదండ్రులు బిడ్డలను ప్రభుత్వ సంస్థలలో విడిచిరి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వము కూలునాటికి లక్షకు మించిన బాలలు సంస్థలలో నుండిరి. శిశువుల గదులలోని నిశ్శబ్దము సందర్శకులను కలవరపరచెను. శిశువు ఏడ్చినప్పుడు ఒక ముఖము వంగి చూచి, ఒక కంఠము బదులు పలికినయెడల, తన పిలుపు వినబడునని శిశువు నేర్చుకొనును. మాటకును, ఆలోచనకును, నమ్మికకును అచ్చటనే మొదలు. ఎవరును రానియెడల శిశువు ఏడ్చుట మానును. దానిని నెమ్మదియని ఎంచరాదు.

2001లో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను అమెరికా పండితులు బుఖారెస్టు నగరపు సంస్థలలోని 136 మంది పసివారిని, చీట్లు వేసినట్లుగా, రెండు భాగములు చేసిరి. 68 మందిని పెంపుడు కుటుంబములకు పంపిరి. 68 మంది అప్పటి ఏర్పాటులోనే నిలిచిరి. బిడ్డల విషయములో చీట్లు వేయుటయా యని మన మనస్సు నొచ్చుకొనును, నొచ్చుకొనుటయే మంచిది. అయితే అప్పుడు ఆ నగరమున పెంపుడు కుటుంబముల ఏర్పాటు దాదాపు లేదు. మిగిలినవారికి తరువాత కుటుంబము దొరికినప్పుడు ఎవరును అడ్డగింపలేదు. నాలుగున్నర ఏండ్ల వయస్సున కుటుంబములకు పంపబడినవారి బుద్ధిసూచిక సగటున 81, తక్కినవారిది 73, స్వంత ఇండ్లలో పెరిగిన ఆ నగరపు బిడ్డలది 109. రెండేండ్లు నిండకమునుపే కుటుంబములో చేరినవారు ఎక్కువగా కోలుకొనిరి. రెండేండ్లలోపు శిశువులను, తీవ్రమైన వైకల్యము గలవారిని తప్ప, సంస్థలలో చేర్చరాదని 2004లో రుమేనియా చట్టము చేసెను.

కుటుంబము దొరకువరకు గృహములలో నున్నవారి సంగతి ఏమి? రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ శిశుగృహములలో జరిగిన పని ఇందుకు సహాయకరము. అచ్చట దాదులకు తర్ఫీదు ఇచ్చుటతో ఆగక, పండ్రెండుమంది గుంపును ఆరుగురికి తగ్గించి, గుంపునకు ఇద్దరు ముఖ్య దాదులను నియమించి, వయస్సు పెరిగినకొలది బిడ్డలను క్రొత్త గుంపులోనికి మార్చుట మానిరి. 2008లో ప్రకటింపబడిన ఫలితము చూడుడి: ఆహారములోను వైద్యములోను మార్పు లేకయే బిడ్డలు ఎత్తును బరువును పెరిగిరి! మాటలోను, ఆటలోను ముందంజ వేసిరి. తర్ఫీదు మాత్రమే ఇచ్చిన గృహములో ఇంత మేలు కనబడలేదు. దాది ఎంత మంచిదైనను చేతులు రెండే గదా. దోనావూరులో ఏమీ కార్మైకేల్ అమ్మగారు బిడ్డలను చిన్న చిన్న ఇండ్లలో ఉంచి, అక్కలని పిలువబడు స్త్రీలకు అప్పగించినది ఈ పరిశోధనలకు ఎంతో మునుపే.

కాబట్టి ఈ సంవత్సరము గృహమును దర్శించునప్పుడు పాలరాతి నేలను, దాతల పేరులు చెక్కిన ఫలకమును చూచి తిరిగి రాకుడి. ఆయా పేరు అడుగుడి. ఆమె వచ్చి ఎన్నేండ్లయినది? రాత్రివేళ ఆమెకు ఎందరు శిశువులు? ఆమె జీతమెంత? నెలకొక ఆయా మారుచున్నచో కారణము తరచుగా ఆ జీతములోనే దొరకును. మరియొక ఆయా జీతమునకు సంఘము పూనుకొనవచ్చును. ఆమె పేరు ఏ ఫలకముమీదను ఎక్కదు గనుక దాతలు దొరకుట కష్టము. అది వేరు సంగతి.

మరియొకటి కూడ అడుగుడి: ఈ శిశువునకు ఎవరైన కలరా? మన దేశపు 2015 నాటి బాలల న్యాయ చట్టము సంస్థలో ఉంచుటను చివరి మార్గముగా పేర్కొనినది. అనాథలని మనము పిలుచువారిలో అనేకులకు తల్లియో తండ్రియో సజీవులు. కొందరికి అమ్మమ్మ కలదు. పాలు కొనలేక ఆమె బిడ్డను తెచ్చి విడిచెను. ఆ పాలకును బియ్యమునకును సంఘము నెలనెలా ఇచ్చినయెడల ఆ బిడ్డ ఆమె గడప దాటనక్కరలేదు.