పిల్లలు కనిపించకపోతే ఒక్క రోజు ఆగాలా?

ప్రశ్న: పక్కింటి బాబు ట్యూషన్‌కని వెళ్లి తిరిగి రాలేదు. స్టేషన్‌కు వెళ్తే ‘రేపటిదాకా చూడండి’ అన్నారట. అదృష్టవశాత్తూ రాత్రికి దొరికాడు. నిజంగా అలా ఆగాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: గంట కూడా ఆగక్కర్లేదమ్మా. ఇరవై నాలుగు గంటల నిబంధన ఏ చట్టంలోనూ లేదు. ఫిర్యాదు అందగానే ఎఫ్‌ఐఆర్‌ నమోదు చేయాలని, కిడ్నాప్‌ లేదా అక్రమ రవాణాగా భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. మీ ప్రాంతం కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్‌ పెట్టించవచ్చు. వెంటనే అత్యవసర నంబరు 112కు, చైల్డ్‌ హెల్ప్‌లైన్‌ 1098కి ఫోన్‌ చేయండి. ఇటీవలి ఫొటో, వేసుకున్న బట్టల రంగు, పుట్టుమచ్చల వివరాలు రాసివ్వండి. ఎఫ్‌ఐఆర్‌ నకలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. తప్పిపోయిన పిల్లల వివరాలు నమోదు చేసే మిషన్‌ వాత్సల్య పోర్టల్‌లో మీ బిడ్డ వివరాలు చేర్చారా అనీ అడగండి. స్టేషన్‌లో పట్టించుకోకపోతే ఎస్పీకో కమిషనర్‌కో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తప్పిపోయిన పిల్లల్ని వెతికి రక్షించేందుకు తెలంగాణలో జనవరిలో ఆపరేషన్‌ స్మైల్‌, జూలైలో ఆపరేషన్‌ ముస్కాన్‌ జరుగుతాయి. అవి మంచి ప్రయత్నాలే. అయినా, బిడ్డ దొరకాలంటే మొదటి గంటలే కీలకం. వాటిని వృథా కానివ్వకండి.