పెట్టెలోని సొమ్మంతయు లాభము కాదు
నేత యింటి లెక్కలలో కాలాంతపు సర్దుబాట్లు

చైత్రమాసము వచ్చుసరికి బరంపురము నేతవీధులలో రెండు పనులు కలిసివచ్చును. ఒకవంక వైశాఖ జ్యేష్ఠములలోని పెండ్లిండ్లకు పట్టుచీరల బయానాలు చేతికందును. మరొకవంక మార్చి 31వ తేదీతో లెక్కల సంవత్సరము ముగియును. రెండేండ్లకొకసారి వచ్చు బుఢీ ఠాకురాణి జాతర కూడ ఆ యేడే పడినచో ఇంటి ఖర్చులకు అదుపుండదు. అట్టి సమయమున పెట్టె తెరచి చూచి, ఫోనులో బ్యాంకు నిల్వ చూచి, "ఈ యేడు బాగుగనే మిగిలినది" అనుకొని చేయి చాచిన కుటుంబములు, ఆషాఢము నాటికి పట్టు కొనుటకు అప్పు చేయుట మనము ఎరుగనిది కాదు.

ఇందులో దుబారా కొంత ఉండవచ్చును. కాని పెక్కు సందర్భములలో అసలు తప్పు లెక్కలో ఉన్నది. చేతికి వచ్చిన సొమ్మును ఆదాయముగను, చేతినుండి పోయిన సొమ్మును వ్యయముగను భావించుటయే ఆ తప్పు.

రెండు పద్ధతులు

సొమ్ము వచ్చిననాడు జమ, పోయిననాడు ఖర్చు వ్రాయుట నగదు పద్ధతి. సొమ్ము ఎప్పుడు చేతులు మారినను, ఏ కాలములో సరుకు అప్పగించితిమో ఆ కాలపు ఆదాయముగను, ఏ కాలపు పనికి ఖర్చు తగిలినదో ఆ కాలపు వ్యయముగను వ్రాయుట వర్తక పద్ధతి. దీనినే అక్రూయల్ పద్ధతి యని కూడ అందురు. 2013 నాటి కంపెనీల చట్టము కంపెనీలకు ఈ రెండవ పద్ధతినే విధించినది. ఒక్క మగ్గముగల యింటికి ఆ నిర్బంధము లేదు. అయినను బయానా, అరువు పట్టు, బాకీ మజూరీ, ఈ మూడింటిమీద నడచు వృత్తికి నగదు పద్ధతి ఒక్కటే చాలదు.

దినచిట్టాలో సొమ్ము కదలినప్పుడే పద్దు పడును. సొమ్ము కదలని సంగతులను కాలాంతమున వెదకి వ్రాయవలెను. ఇట్లు వ్రాయునవే సర్దుబాటు పద్దులు. చిట్టా తెలుగులో ఉన్నను ఒడియాలో ఉన్నను సూత్రమొక్కటే.

ఒక కుటుంబపు లెక్క

జనవరి 1 మొదలు మార్చి 31 వరకు ఒక కుటుంబపు లెక్క తీసుకొందము. మొత్తములు పాఠము కొరకు ఊహించినవే గాని నేటి బజారు ధరలు కావు. మొదట నగదు నిల్వ లేదనుకొందము.

వచ్చిన సొమ్ము: చీరలు, జోడుల నగదు అమ్మకము రూ. 2,20,000, పెండ్లి చీరలకు బయానా రూ. 70,000. మొత్తము రూ. 2,90,000.

ఇచ్చిన సొమ్ము: పట్టు, జరీ రూ. 1,10,000, ఇంటివారి కూలితో సహా మజూరీ రూ. 60,000, షెడ్డు అద్దె రూ. 6,000, కరెంటు రూ. 3,600, మగ్గపు భీమా రూ. 2,400, జాక్వార్డు పెట్టె రూ. 48,000. మొత్తము రూ. 2,30,000.

చేతిలో మిగిలినది రూ. 60,000. ఇది లాభమా? ఒక్కొక్క సర్దుబాటు చూతము.

1. బయానా. చీరలు ఇంకను నేయలేదు. కనుక రూ. 70,000 మన ఆదాయము కాదు, కొనుగోలుదారునికి మనము పడిన బాకీ. అమ్మకపు ఖాతాలో పొరపాటున జమకట్టియుండినచో, అమ్మకపు ఖాతాకు డెబిట్, బయానాల ఖాతాకు క్రెడిట్ వ్రాయవలెను.

2. రావలసినది. మార్చిలో అప్పగించిన చీరలకు రూ. 24,000 ఏప్రిల్‌లో వచ్చును. సరుకు వెళ్లినది గనుక ఇది మార్చి ఆదాయమే. రావలసిన బాకీలకు డెబిట్, అమ్మకములకు క్రెడిట్.

3. ఇవ్వవలసినవి. అరువు తెచ్చిన పట్టు రూ. 25,000, మార్చిలో కండెలు చుట్టినవారికి, రంగు వేసినవారికి మజూరీ రూ. 8,000; మార్చి నెల అద్దె రూ. 3,000. ఆయా ఖర్చులకు డెబిట్, ఇవ్వవలసిన బాకీలకు క్రెడిట్.

4. ముందు చెల్లించినది. భీమా జనవరి 1న ఏడాదికి కట్టినది. మూడు నెలల ఖర్చు రూ. 600 మాత్రమే. మిగిలిన రూ. 1,800 రాబోవు తొమ్మిది నెలల రక్షణ. ముందు చెల్లించిన భీమాకు డెబిట్, భీమా ఖర్చుకు క్రెడిట్.

5. తరుగుదల. జనవరి 1న కొన్న జాక్వార్డు ఎనిమిదేండ్లు పనిచేయుననుకొందము. ఏడాదికి రూ. 6,000, మూడు నెలలకు రూ. 1,500 ఖర్చు. తక్కిన రూ. 46,500 ఆస్తిగా నిలుచును.

6. సరుకు నిల్వ. జనవరి 1న పట్టు, జరీ నిల్వ రూ. 45,000, మార్చి 31న రూ. 15,000. అనగా కొన్న సరుకుతోపాటు పాతనిల్వలో రూ. 30,000 కూడ వాడుకొంటిమి. ఇది చిట్టాలో ఎక్కడను కనబడదు.

తేలిన ఫలితము

ఆదాయము: 2,20,000 + 24,000 = రూ. 2,44,000.

వ్యయము: వాడిన పట్టు, జరీ 1,65,000, మజూరీ 68,000, అద్దె 9,000, కరెంటు 3,600, భీమా 600, తరుగుదల 1,500. మొత్తము రూ. 2,47,700.

చేతిలో రూ. 60,000 ఉన్నను ఆ మూడు నెలలలో వచ్చినది రూ. 3,700 నష్టము! ఇంకొక మాట కూడ గమనింపుడు. తీసుకొన్న బయానా 70,000 కాగా చేతిలో ఉన్నది 60,000 మాత్రమే. ఆ యింట ఉన్న ప్రతి రూపాయియు పరులదే. దానిని జాతరకు ఖర్చు చేసినచో పెండ్లిచీరలకు పట్టు ఎక్కడినుండి వచ్చును? మాట ఇచ్చిన తేదీకి చీర అందనిచో పోవునది సొమ్ము మాత్రమే కాదు, ఇంటి పేరు. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఫోడాకుంభ పట్టు పేరు నిలుచునది నేర్పు మీదను, నమ్మకము మీదను.

నిల్వ కొలుచునప్పుడు జాగ్రత్త

మన వృత్తిలో తూకము మోసగించు చోటు ఒకటున్నది. ముడిపట్టును ఉడికించి జిగురు తీసినచో బరువులో సుమారు 20 నుండి 25 వంతుల శాతము పోవును. కిలో రూ. 4,500 చొప్పున కొన్న ముడిపట్టు ఉడికిన తరువాత 750 గ్రాములే మిగిలినచో, ఆ పట్టు కిలో అసలు ధర రూ. 6,000, ఉడికించిన ఖర్చు దీనికి అదనము. కావున ముడిపట్టును, ఉడికిన పట్టును వేరువేరుగా తూచి వ్రాయవలెను.

మగ్గముమీద సగము నేసిన చీరకు అంతవరకు పట్టిన పట్టు, జరీ, మజూరీ కలిపి వెల కట్టవలెను. అమ్మబోవు ధర వేయరాదు. నేసి ఉంచిన చీరకు అసలు ధర, అమ్మగా నికరముగా వచ్చు ధర, ఈ రెండింటిలో తక్కువ దానిని తీసుకొనవలెను. రంగు వెలిసిన చీరను పాత వెలకు లెక్కించుట మనలను మనమే మోసగించుకొనుట.

ఏప్రిల్ 1 తరువాత

ఏప్రిల్‌లో పాత మజూరీ రూ. 8,000 చెల్లించినప్పుడు దానిని మరల ఖర్చు వ్రాయరాదు. బాకీ తీరినట్లు మాత్రమే వ్రాయవలెను. పాత చీరల సొమ్ము రూ. 24,000 వచ్చినప్పుడును అట్లే, అది కొత్త అమ్మకము కాదు. పెండ్లిచీరలు అప్పగించిననాడు బయానా అమ్మకముగా మారును. సహకార సంఘములలోను ఈ జాగ్రత్త తప్పదు. బయానాలను లాభమని చూపి బోనసు పంచినచో, మరుసటి యేడు సభ్యులకు పట్టు ఇచ్చుటకు మూలధనము చాలదు.

అభ్యాసము

1. జూలై 1న ఆరునెలల అద్దె రూ. 18,000 ముందుగా చెల్లించిరి. సెప్టెంబరు 30 నాటికి ఖర్చెంత?

2. ఒక్కొక్కటి రూ. 10,000 చొప్పున ఐదు చీరలకు పూర్తి సొమ్ము ముందే తీసుకొని, కాలాంతమునకు మూడు అప్పగించిరి. ఆదాయమెంత? బాకీ యెంత?

జవాబులు: 1. ఖర్చు రూ. 9,000, మిగిలిన రూ. 9,000 ముందు చెల్లింపు. 2. ఆదాయము రూ. 30,000, బాకీ రూ. 20,000.

పడుగులో ఒక పోగు తెగినచో మన కన్ను వెంటనే పట్టును. లెక్కలో తెగిన పోగును పట్టుటకు మూడు నెలలకొక సాయంత్రము చాలును. చదువుకొన్న పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పై ఆరు ప్రశ్నలు వరుసగా వేసికొనుడు. ఆ తరువాతనే పెట్టె తెరువుడు.