ముందు కొలత, తర్వాతే వేగం

అచ్చంపేటలో ఎండాకాలం ముదిరితే వేడి 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కిందో, పైఅంతస్తు స్లాబు కిందో కూర్చొని లాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొట్టమొదట చూడాల్సిన అంకె ఆ గది వేడిదే. ఫ్యాను పీల్చేది ఆ గదిలోని గాలినే కదా! 24 డిగ్రీల ఏసీ గదిలో ఎవరో వీడియో తీసి చెప్పిన సెట్టింగును మన 40 డిగ్రీల గదిలో పెడితే, చిప్పు ఆ తేడా వేడినంతా అదనంగా మోయాలి. పైగా ఒకే మోడల్ చిప్పులు రెండు ఉన్నా రెండూ ఒకేలా నడవవు. కాబట్టి పక్కవాడి అంకెను ఎత్తి పెట్టుకోకండి. మీది మీరే కనుక్కోండి.

మొదటిరోజు ఏమీ పెంచొద్దు. లాప్‌టాప్ వెనకభాగం కాస్త ఎత్తులో పెట్టండి. ఫ్యాన్లలో దుమ్ము తీయించండి. పాతదైతే థర్మల్ పేస్టు మార్పించండి. ఛార్జర్ పెట్టే ఉంచి, యూనిజిన్ హెవెన్ లాంటి పరీక్షను అరగంట నడపండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది, వేరే కంపెనీల లాప్‌టాప్‌ల మీదా పనిచేస్తుంది. అందులో కనిపించే వేడి, వేగం, పరీక్షలో వచ్చిన స్కోరు నోటుబుక్కులో రాసుకోండి. ఎన్విడియా లాప్‌టాప్ చిప్పులు చాలావరకు 87 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మీది ఇప్పటికే అక్కడ ఉంటే వేగం పెంచే ఆలోచన పక్కన పెట్టి, ముందు వేడి సంగతి చూడండి.

వేడి అదుపులో ఉందా? అయితే కోర్ క్లాక్‌ను 25 మెగాహెర్ట్జ్ పెంచండి, పరీక్షించండి. నిలబడితే మరో 25. తెరమీద చుక్కలు, చారలు వచ్చినా, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోయినా అదే మీ హద్దు. చిప్పు 2 సెకన్లు పలకకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. కంగారుపడకుండా ఓ 50 మెగాహెర్ట్జ్ వెనక్కి రండి. గంటలకొద్దీ ఆడినా నిలిచిందని తేలేదాకా, కంప్యూటర్ ఆన్ కాగానే ఆ సెట్టింగు అమలయ్యే ఆప్షన్ జోలికి వెళ్లకండి.

మెమరీని విడిగా పెంచాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. మెమరీ తప్పు చేసినా తనే పట్టుకొని ఆ పని మళ్లీ చేస్తుంది. తెర బాగానే ఉంటుంది, క్లాక్ అంకె ఘనంగా కనిపిస్తుంది, స్కోరు మాత్రం పడిపోతుంది. గ్రూప్స్‌కో, ఎస్‌ఐ పరీక్షకో చదివేవాళ్లలో కూడా ఇలాంటి మోసాన్నే నేను ఎంతోసార్లు చూశాను. రోజుకు 4 గంటలు చదివే పిల్లలు ఒక్కసారిగా 12 గంటలకు దూకుతారు. లైబ్రరీలో అందరికన్నా ఆలస్యంగా లేస్తారు. వారం తిరిగేసరికి మాక్ టెస్టులో మార్కులు తగ్గుతాయి, చదివిన పేజీనే మళ్లీ చదువుతుంటారు. అరగంట పెంచండి, వారం ఉండండి, మార్కులు చూడండి. మార్కులు పెరిగితేనే మరో అరగంట. గంటలను చూసి మురిసిపోవద్దు, మెమరీ క్లాక్ అంకెను చూసి కూడా.

కార్డు పేరు చూసి కూడా ఆశలు పెంచుకోకండి. లాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4060కి 35 నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు ఇవ్వాలో తయారీదారే నిర్ణయిస్తాడు. ఆ గీత దాటడానికి బయాస్ మార్చే పని మాత్రం చేయొద్దు. చిప్పు మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, పోతే బోర్డంతా పోయినట్టే. దాన్ని పట్టుకొని సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా వంద కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. పల్లికాయ అమ్మిన డబ్బుతో నాన్న కొనిచ్చిన లాప్‌టాప్ అది. 60 ఫ్రేములు వచ్చే గేమ్‌లో నాలుగైదు పెరిగితే అదే మంచి ఫలితం, అంతకోసం దాన్ని పణంగా పెట్టకూడదు.

లాప్‌టాప్ ఓవర్‌క్లాకింగ్‌ను, అంటే ఇలా వేగం పెంచడాన్ని, తన డ్రైవర్‌లో ఆపేసినట్టు 2015 ఫిబ్రవరిలో ఎన్విడియా చెప్పింది. లాప్‌టాప్‌లు అందుకు తయారైనవి కావన్నది దాని వాదన. కొన్నవాళ్లు గట్టిగా అడగడంతో, తర్వాతి నెల డ్రైవర్‌లో తిరిగి ఇస్తామంది. హక్కు దక్కింది, కానీ వేడి గురించి కంపెనీ చెప్పిన జాగ్రత్త అబద్ధం కాదు.

మన ఊరికి నన్నడిగితే అండర్‌వోల్టింగే మేలు. చిప్పు తినే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి వోల్టేజీ కొంచెం తగ్గినా వేడి బాగా దిగుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వచ్చే గీతలో అదే వేగాన్ని తక్కువ వోల్టేజీకి కుదర్చవచ్చు. ఇదీ మెల్లగానే, ఒక్కో మెట్టు పరీక్షిస్తూనే. చల్లగా ఉన్న చిప్పు తన వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది.

డ్రైవర్ మారినా, కాలం మారినా మళ్లీ పరీక్ష పెట్టండి. వానాకాలంలో నిలిచిన అంకె మే నెలలో నిలవకపోవచ్చు. అందుకే నోటుబుక్కులో ప్రతి అంకె పక్కన తేదీ, గది వేడి కూడా రాయండి.