జీపీఎస్ చోటు చూపిస్తుంది, ఎత్తు మాత్రం సరిగా చెప్పలేదు

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ సన్నటి గల్లీల్లో నడుస్తూ ఫోన్‌లో మ్యాప్ చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మనిషి ఒక గల్లీలో ఉంటే, నీలి చుక్క పక్క గల్లీలో కనిపిస్తుంది. దారి వెతుక్కునేవారికి ఇది చిన్న చికాకు మాత్రమే. కానీ ఆ చుక్కను నమ్మి గోడో, చెట్టో, కొండరాయో ఎక్కబోయేవారికి ఇదే ప్రమాదంగా మారవచ్చు. జియోకాచింగ్ అనే ఆటలో ఈ పరిస్థితి నిజంగానే ఎదురవుతుంది.

ఏమిటీ ఆట?

సామాన్య ప్రజలు వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న దోషాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే నెల మొదట్లో ఆపేసింది. దాంతో 100 మీటర్ల వరకు ఉండే తేడా 10-20 మీటర్లకు తగ్గింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అలా మొదలైన ఆట ప్రపంచమంతా వ్యాపించింది. డబ్బా దొరికినవారు అందులోని పుస్తకంలో పేరు రాసి, దాన్ని మళ్లీ అక్కడే పెట్టేస్తారు.

ప్రతి డబ్బాకూ రెండు అంకెలు ఇస్తారు. ఒకటి వెతకడం ఎంత కష్టమో, రెండోది అక్కడికి చేరడం ఎంత కష్టమో చెబుతుంది. రెండోది 5 అయితే తాళ్లు, హెల్మెట్, పడవ వంటి ప్రత్యేక సామగ్రి కావాలని అర్థం. కొండ ఎక్కి అందుకోవలసిన డబ్బాలు ఈ కోవలోకే వస్తాయి. అయితే డబ్బా చిరునామాగా ఇచ్చేది అక్షాంశం, రేఖాంశం మాత్రమే. ఎత్తు అందులో ఉండదు.

ఎత్తు ఎందుకు తప్పుతుంది?

ఉపగ్రహం నుంచి సంకేతం రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోన్ దూరాన్ని లెక్కిస్తుంది. కాంతి ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు వెళుతుంది. కాబట్టి కాలంలో అతి చిన్న తేడా వచ్చినా చోటు మారిపోతుంది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వైపుల ఉపగ్రహాలు ఒకదాని లోపాన్ని మరొకటి సరిచేస్తాయి. ఎత్తు విషయంలో ఆ వీలు లేదు. ఉపగ్రహాలన్నీ పైనే ఉంటాయి, కింద భూమి అడ్డు. అందుకే ఎత్తులో వచ్చే దోషం సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువగా ఉంటుంది.

మరో చిక్కు కూడా ఉంది. జీపీఎస్ ఎత్తును కొలిచేది గణితంతో గీసిన ఒక నున్నటి దీర్ఘగోళం నుంచి. మనం వాడేది సముద్రమట్టం నుంచి ఎత్తు. భూమి గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి ఈ రెండూ కలవవు. ఢిల్లీలో ఆ తేడా సుమారు 50 మీటర్లు. లక్ష్మీ నగర్‌లోని అయిదంతస్తుల మేడ ఎత్తు దాదాపు 15 మీటర్లే. దీన్ని సవరించని యాప్ చూపే అంకెను బట్టి డబ్బా ఏ అంతస్తు ఎత్తులో ఉందో తేల్చడం అసాధ్యం.

గోడలు చేసే మాయ

ఎత్తైన మేడల మధ్య సంకేతం నేరుగా ఫోన్‌ను చేరదు. గోడకు తగిలి, చుట్టూ తిరిగి వస్తుంది. దారి పెరిగినందువల్ల ఉపగ్రహం మరింత దూరంలో ఉందని ఫోన్ పొరబడుతుంది. కొండరాతి పక్కన నిలబడినా అంతే. ఫరీదాబాద్ దగ్గర ధౌజ్‌లోని ఆరావళి రాళ్లయినా, తెలంగాణలోని భువనగిరి ఏకశిలా కొండయినా సగం ఆకాశాన్ని కప్పేస్తాయి. 2013 నుంచి శ్రీహరికోట నుంచి పంపుతున్న నావిక్ ఉపగ్రహాల సంకేతాలు కూడా అందుకునే ఫోన్‌లో ఫలితం మెరుగుపడుతుంది. అయినా రాయి వేసే అడ్డు తొలగిపోదు.

మీరే చూడవచ్చు

గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉన్న ఫోన్‌తో మేడ మెట్లు ఎక్కండి. ప్రతి 8 మీటర్లకు పీడనం సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. అయిదంతస్తులకు దాదాపు 2 వరకు తేడా కనిపిస్తుంది. జీపీఎస్ ఎత్తు మాత్రం అదే సమయంలో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. వాతావరణం మారితే పీడనమూ మారుతుంది కాబట్టి కిందా పైనా వెంటవెంటనే చూడాలి.

ఈ ఆటలో ఎక్కుతూ పడిపోయి ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. అందుకే ముందు నేల మీద నిలబడి కళ్లతో వెతకాలి, డబ్బా దాచినవారు ఇచ్చిన సూచన చదవాలి. అది కనిపించాక, తాడు పట్టడం తెలిసిన తోడు ఉంటేనే ఎక్కాలి. దాచేవారికీ ఒక మాట. స్థల యజమాని అనుమతి తప్పనిసరి. మెట్రో స్టేషన్లలో, రద్దీ బజార్లలో దిక్కులేని డబ్బా కనిపిస్తే పోలీసులను పిలిచే నగరం ఢిల్లీ. అక్కడ ఆట కాస్తా అలజడిగా మారుతుంది.